మాటకు ముందు గుసగుస

మేడ మీద గది,
నవంబరు

మరదలికి,

కవరు మీద నా చేతిరాత చూడగానే దీన్ని చించకుండానే చెత్తబుట్టలో వెయ్యాలని నీకు అనిపించే ఉంటుంది. నేనైతే వేసేవాణ్ణి. నువ్వు వెయ్యవు. నీకు కుతూహలం ఎక్కువ, పట్టుదల తక్కువ. ఆ నమ్మకంతోనే రాస్తున్నాను.

మీ అక్క చనిపోయాక నీకు నేను రాసింది ఒక్క కార్డు. ఇక మీదట నాకు ఫోన్ చెయ్యకు, అని. అది ఇప్పటికీ అమల్లోనే ఉంది. జవాబివ్వాలంటే కాగితం మీద ఇవ్వు. అచ్చం మీ అక్కలాగే ఉండే ఆ గొంతు ఈ ఇంట్లో వినపడకూడదు.

విషయం ఇది. మా నిఘంటువు మళ్ళీ వేస్తున్నారు. ఇంగ్లీషు మాట, దాని తెలుగు అర్థాలు, వాడకం, పక్కన క్యాసెట్లలో ఉచ్చారణ. నా నడివయసు మొత్తం మింగిన పుస్తకం. అర్థాలు నేను రాశాను, మాటలు మీ అక్క పలికింది. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో పనిచేసిన మనిషి, ఊరంతా ఎరిగిన గొంతు. ప్రతి మాటా మూడుసార్లు అనాలి, మధ్యది ఉంచాలి. అది నేను పెట్టిన పద్ధతి. మొదటిసారి మాటలో భయం ఉంటుంది, మూడోసారి విసుగు ఉంటుంది, మధ్యలో మాట మాత్రమే ఉంటుంది.

అట్ట మీద మాత్రం ఒక్కడి పేరే వేశారు. ఆ పేరు రాసి నా సిరా పాడుచేసుకోను. ఇంట్లో మనం అట్టబాబు అనేవాళ్ళం. 'వెయిట్' అనే మాట దగ్గర వాడికీ నాకూ జరిగిన యుద్ధం మీ అక్క నీకు చెప్పే ఉంటుంది. మొదటి అర్థం 'నిరీక్షించు' అని రాశాడా మహానుభావుడు. "బస్సు కదిలిపోతుంటే డ్రైవర్ని 'నిరీక్షించు నాయనా' అంటావుటయ్యా?" అని అందరి ముందూ అడిగాను. ముందు 'ఉండు', తర్వాత 'ఆగు', ఆ తర్వాతే 'ఎదురుచూడు'. నిజానికి ఆ ముక్క నా సొంతం కాదు, మీ అక్కది. "రోజంతా నేను అనేది ఆ మాటే. లైను కలిసేదాకా ఉండమంటాను. అవతల మనిషి లేకపోతే ఎవరూ వెయిట్ అనరు" అంది. అట్టబాబు 'నిరీక్షించు' కొట్టేశాడు. దానికి పగ అట్ట మీద తీర్చుకున్నాడు.

ఇప్పుడు కోత పడని, మూడుసార్లూ ఉన్న అసలు టేపుల నుంచి శబ్దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి, తప్పులు చూడమని నాకు పంపారు. అట్టబాబు పోయాడు కాబట్టి పిలవడానికి వాళ్ళకి ఇంకెవరూ లేరు. చెవులకి పెద్ద హెడ్‌ఫోన్స్ తగిలించుకుని కూర్చుంటున్నాను. ఎ నుంచి ఎస్ దాకా ఏ గొడవా లేదు. టి సగంలో మొదలైంది. మాటకు ముందు ఇంకో మాట. అదే మాట, గుసగుసగా. 'వెయిట్' పెట్టగానే ఎవరో నా చెవి పక్కన వంగి ఊపిరితో 'వెయిట్' అంటారు. ఆ తర్వాత మీ అక్క మామూలు గొంతుతో స్పష్టంగా 'వెయిట్' అంటుంది. దాని కింద ఉదాహరణ, 'వెయిట్ ఫర్ మీ', నా కోసం ఉండు. అదీ అంతే. ముందు ఊపిరి, తర్వాత మనిషి.

ఆ వాక్యం నాకు కొత్త కాదు. మీ అక్క పోయిన దగ్గర్నుంచి పొద్దున్నే లేచి పాత క్యాసెట్లో ఆ ఒక్క వాక్యం విని, తర్వాతే మొహం కడుక్కుంటున్నాను. ఇది ఎవరికీ చెప్పలేదు. నీకెందుకు చెబుతున్నానో తెలీదు. ఆ క్యాసెట్లో ఈ గుసగుస ఎప్పుడూ లేదు.

పట్టపగలు, బల్ల మీద ఎండ పడుతుండగా వెనక్కి తిరిగి చూశాను. ఆమె కుర్చీ ఉంది. కుర్చీ మీద నా గొడుగు ఉంది.

నాకు లేనిపోనివి వినపడే వయసు వచ్చిందా? లేకపోతే నీకేమైనా తెలుసా? ఆస్పత్రి గుమ్మం దాకా వచ్చి, అక్కతో ఒక్క మాటైనా మాట్లాడకుండా వెనక్కి తిరిగిపోయిన చెల్లెలివి నువ్వు. అది నేను మర్చిపోలేదు. కానీ ఆ గొంతు ఎరిగినవాళ్ళలో మిగిలిందీ నువ్వే.

బావ

*

కుట్టుమిషను ముందు,
డిసెంబరు

బావగారికి,

చెత్తబుట్టలో వెయ్యలేదు. మీ కవరు వెనకాల ఒకాయన కాలరు కొలత కూడా రాసుకున్నాను, ఏమీ అనుకోకండి. చేతికి అందిన కాగితం అదే.

మీరేం మారలేదు. కాగితం మీద కూడా గొంతు చించుకునే మాట్లాడతారు. నాకు పట్టుదల తక్కువట! మీ కార్డు వచ్చిన దగ్గర్నుంచి ఒక్కసారి కూడా మీ నంబరు తిప్పలేదే, దాన్నేమంటారో మీ నిఘంటువులో చూసి చెప్పండి.

చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ముందు గుబిలి తీయించుకోండి. అన్నం వేళకి తింటున్నారా? ఖాళీ ఇంట్లో, ఖాళీ కడుపుతో, రోజంతా అక్క గొంతు చెవుల్లో పెట్టుకుని కూర్చుంటే ఎవరికైనా ఏదో ఒకటి వినపడుతుంది. నాకు మిషను ఆపాక కూడా కాసేపు మిషను వినపడుతూనే ఉంటుంది.

ఎస్ దాకా బాగానే ఉంది కదా. మిగతావి వినకుండా సరే అని పంపించెయ్యకూడదూ? ఎవరు చూడొచ్చారు?

ఒక్కటి అడుగుతాను, తిట్టకండి. ఆ గుసగుసలో మాట తప్ప ఇంకేమైనా ఉందా? దగ్గు లాంటిదిగానీ, నవ్వు లాంటిదిగానీ?

ఆస్పత్రి సంగతికి జవాబు రాయను. రాయలేక కాదు.

మీ మరదలు,
వంత

*

మేడ మీద గది,
జనవరి

వంతకి,

నీ ఉత్తరం కిందా మీదా చదివాను. సంతకం చూసి మీ నాన్న గుర్తొచ్చాడు. అక్క ఏమంటే అది నువ్వు వెనకాలే అనేదానివని నీకు వంత అని పేరు పెట్టిన మనిషి. ఆ ఇంట్లో హాస్యం ఎరిగింది ఆయనొక్కడే.

వినకుండా సరే అని పంపమంటావా? అది అట్టబాబు పద్ధతి. నేను చదివిన పుస్తకాలు ఒకదాని మీద ఒకటి పేరిస్తే ఈ మేడ కంటే ఎత్తు వస్తాయి. అచ్చుతప్పు కనపడితే పరాయివాడి పుస్తకంలోనైనా దిద్దకుండా పేజీ తిప్పలేదు.

చెవి డాక్టరు నా చెవులు శుభ్రంగా ఉన్నాయన్నాడు. కానీ సంగతి ముదిరింది. హెడ్‌ఫోన్స్ తీసేశాక కూడా ఏది జరిగినా ముందొకసారి మెల్లగా జరిగినట్టు ఉంటోంది. తలుపు గంట మోగబోయే ముందు గంట వినపడుతుంది. గ్లాసు బల్ల మీద పెట్టబోతుంటే, పెట్టిన చప్పుడు ముందే వస్తుంది. నిన్న మెట్లు దిగుతుంటే నా కంటే ఒక మెట్టు ముందు ఎవరో దిగుతున్నారు. చేత్తో తడిమాను. గోడ తగిలింది.

భయపడ్డానని రాసుకో. ఇంకెవరితోనైనా అన్నావో, కాదంటాను.

చివరికి స్టూడియోకి వెళ్ళాను. అక్కడి శబ్దాల పని చూసేది ఒక నడివయసు మనిషి, సౌండమ్మ అంటారట. విని, తేలిగ్గా నవ్వి చెప్పింది. పాత టేపు చక్రానికి చుట్టుకుని ఏళ్ళ తరబడి పడుంటే ఒక పొర మీది శబ్దం పక్క పొరకి అంటుకుంటుందట. అందుకే మాట రాకముందే దాని నీడ లాంటిది వినపడుతుంది. ఇళ్ళకి అమ్మిన క్యాసెట్లలో అంత సన్న శబ్దం దిగలేదు కాబట్టి ఇన్నాళ్ళూ ఎవరికీ తెలీలేదు. అర్థమైందా? దయ్యం కాదు, అయస్కాంతం! అక్కడే నవ్వొచ్చింది నాకు. ఆవిడ ఇంకా ఏదో చెప్పబోతుంటే, "చాలమ్మా, అర్థమైంది. టి నుంచి జెడ్ దాకా ఆ గుసగుస మొత్తం తుడిచెయ్యి. మాట మాత్రమే మిగలాలి" అని కాగితం మీద సంతకం పెట్టి వచ్చేశాను.

మొదటి మాట నుంచి చివరి మాట దాకా ఒకే గొంతు ఉండాలని ఆ రోజుల్లో పంతం పట్టినవాణ్ణి నేను. అట్టబాబు తన కోడల్ని తెచ్చి సగం మాటలు ఆమెతో చెప్పించాలని చూశాడు. "రెండో గొంతు వినపడిన రోజు నా పేరు కొట్టెయ్యండి" అన్నాను. రెండో గొంతు రాలేదు. పేరు మాత్రం కొట్టేశారు. అయినా గెలిచింది నేనే. టేపులో మీ అక్క ఒక్కతే ఉంది.

ఇక నీతో పని లేదు. ఉంటాను.

బావ

*

ఇంటి దగ్గర,
జనవరి

బావా,

ఈ ఉత్తరం ఇక్కడ ఆపి ముందు స్టూడియోకి వెళ్ళండి. తుడవొద్దని చెప్పండి. తర్వాత మిగతాది చదవండి.

పొద్దున ఫోన్ చేశాను. "బావా" అన్నాను, పెట్టేశారు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. మనిషి గొంతు వింటే పాపం తగులుతుందా మీకు?

వెళ్ళొచ్చారా?

టి సగం నుంచి గట్టిగా మాట్లాడేది అక్క కాదు. నేను. గుసగుస అక్కది.

వంత

*

స్టూడియో ఎదురు బెంచీ,
ఫిబ్రవరి

మరదలా,

స్టూడియోకి తాళం ఉంది. పైకప్పు కారుతోందని బాగుచేయిస్తున్నారట. సౌండమ్మ వాళ్ళ అమ్మ దగ్గరికి వెళ్ళిందట. తుడిచేసిందో లేదో చెప్పేవాళ్ళు లేరు. గేటు దగ్గర కాపలా మనిషి "వెయిట్ చెయ్యండి సార్" అని బెంచీ చూపించాడు. వాడికి మొదటి అర్థం బాగానే తెలుసు.

అయితే ఇన్నేళ్ళూ పొద్దున్నే నేను విన్న ఆ వాక్యం నీదా?

నా కోసం ఉండు అని మీ అక్క నాతో అంటోందనుకున్నాను. ఉన్నాను. డాక్టర్లు వద్దన్నవి మానేశాను, తినమన్నవి తిన్నాను, ఒంటరిగా కూర్చుని ఉన్నాను. ఆ మాట అన్నది నువ్వా? జీతం తీసుకుని?

ఇద్దరూ కలిసి నా చెవికే గంతలు కట్టారు. అట్టబాబు నా పేరు ఒక్కటే తీసుకున్నాడు. మీరేం తీసుకున్నారో చూసుకోండి.

కింద సంతకం పెట్టను.

*

కుట్టుమిషను ముందు,
ఫిబ్రవరి

బావగారికి,

సంతకం లేకపోతే ఎవరు రాశారో తెలీదనుకున్నారా? అంత తిట్టగలిగేవాళ్ళు ఊళ్ళో ఇంకెవరున్నారు?

కోపం తగ్గేదాకా ఆగుదామనుకున్నాను. తగ్గదని తెలుసు కాబట్టి రాస్తున్నాను.

టి మాటలు చెబుతుండగానే అక్క గొంతు పోయింది. మీకు జలుబనీ, మిగిలిన గొంతు మైకుకి దాచుకుంటున్నాననీ చెప్పింది. మీరు మిరియాల కషాయం కాచి ఇచ్చి మళ్ళీ ప్రూఫుల్లో మునిగిపోయారు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది నేను. గొంతులో ఉన్నది మంచిది కాదని ఆయన నాతోనే చెప్పాడు. బయట మెట్ల మీద కూర్చుని అక్క ఏడవలేదు. "ఇంకా యు, వి, డబ్ల్యూ ఉన్నాయే" అంది, ఆ మిగిలిన పీలగొంతుతో. "నేను మానేస్తే అట్టబాబు కోడల్ని కూర్చోబెడతాడు. మీ బావ పేరు కొట్టేయించుకుని వచ్చేస్తాడు. ఆయన పంతం నీకు తెలుసుగా."

నాకు ఇంగ్లీషు ఎక్కడొచ్చు బావా? 'థ్రెడ్', 'బటన్' తప్ప. అందుకని అక్క నా పక్కనే కుర్చీ వేసుకుని కూర్చునేది. నా చెవి దగ్గర నోరు పెట్టి మాట ఎలా అనాలో ఊపిరితో అనేది. నేను దాన్ని మైకులో గట్టిగా అనేదాన్ని. చిన్నప్పటి ఆటే. రికార్డింగాయన పాపం మంచివాడు. క్యాసెట్లకి వెళ్ళే నకల్లో గుసగుసలు కత్తిరించి, మీకు చెప్పనని మాటిచ్చాడు. 'త్రీ' అనడం రాక నేను 'ట్రీ' 'ట్రీ' అంటుంటే అక్క నవ్వేది. ఆ నవ్వుకి చప్పుడుండేది కాదు. భుజాలు మాత్రం ఊగేవి. అందుకే నవ్వేమైనా వినపడిందా అని అడిగాను.

జీతం తీసుకున్నానా అని అడిగారు. ఆ గదిలో నా బిడ్డకి ఫ్రాకు కుట్టినంత సంతోషంగా కూర్చున్నాను. ఇంకేం చెప్పను?

'వెయిట్ ఫర్ మీ' రోజు బాగా గుర్తుంది. మామూలుగా అక్క ఒకసారి అందిస్తే నేను మూడుసార్లు అనేదాన్ని. ఆ రోజు ప్రతిసారీ తనే ముందు అంది. "ఒకసారి అన్నావుగా, నాకొచ్చేసింది" అన్నాను. "నీకోసం కాదే" అంది. అప్పుడు అర్థం కాలేదు.

ఆస్పత్రి సంగతి. నేను గుమ్మంలో నిలబడ్డప్పుడు మీరు అక్క చెయ్యి పట్టుకుని, "మొన్నటిదాకా డబ్ల్యూ మాటలు ఎంత బాగా చెప్పావ్! వస్తుంది, గొంతు మళ్ళీ వస్తుంది" అంటున్నారు. అక్క మీ భుజం మీంచి నన్ను చూసి, పెదవుల మీద వేలు పెట్టుకుంది. నేను నోరు తెరిస్తే మీకు తెలిసిపోతుంది. అందుకే తిరిగిపోయాను. అక్క అనమన్నది అన్నాను, అనొద్దన్నది అనలేదు. నా పేరే వంత.

అక్క పోయాక మీకు ఫోన్ చేసి "నేనే" అన్నాను. మీరేమన్నారో గుర్తుందా? "వచ్చేశావా? ఎక్కడున్నావ్, నేనే వస్తానుండు" అన్నారు. నేను "బావా" అనగానే మీకు తెలిసింది. ఆ తర్వాత కార్డు రాశారు. మీ మీద నాకు ఎన్ని కోపాలున్నా, ఆ కార్డు మీద కోపం రాలేదు.

తుడిచేశారో లేదో ఒక ముక్క రాయండి. నా దగ్గర అక్క గొంతు ఎందులోనూ లేదు. నా గొంతు నేను వింటే సరిపోతుందిగా అంటారేమో. సరిపోదు. మనిషికి తన గొంతు వేరేగా వినపడుతుంది.

మీ మరదలు

*

మేడ మీద గది,
మార్చి

వంతా,

తుడిచేసింది.

సౌండమ్మ వచ్చిన రోజే వెళ్ళాను. మెట్లు ఎక్కుతుంటే నా ముందు ఎవరూ ఎక్కలేదు. అప్పుడే తెలిసిపోయింది. 'వెయిట్' పెట్టి వినిపించింది. మాట కత్తితో కోసినట్టు మొదలైంది. ముందు ఏమీ లేదు. అంత శుభ్రమైన నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. నా సంతకం ఉన్న కాగితం బల్ల మీదే ఉంది.

అది టేపు నీడ కాదమ్మా, మా ఆవిడ, అన్నాను.

ఆవిడ ఆ కాగితం పక్కకి జరిపి, "నీడ కాదని నాకు రెండోసారి వింటుంటేనే తెలిసింది సార్. నీడైతే అదే గొంతులో ఉండాలి. ఇది వేరే మనిషి" అంది.

"మరి అప్పుడే చెప్పొద్దా?"

"మీరు చెప్పనిచ్చారా?"

ఇన్నేళ్ళలో నాకు ఎదురు జవాబు చెప్పి బతికి బయటపడింది మీ అక్క ఒక్కతే. ఇప్పుడు ఈవిడ.

అప్పుడు చెప్పింది. "కడిగిన నీళ్ళు పారబొయ్యలేదు సార్. ఎందుకో మనసొప్పలేదు." శబ్దాన్ని శుభ్రం చేస్తే తీసేసినదంతా వేరే ఉంచుకోవచ్చట. అది పెట్టి, నాకు హెడ్‌ఫోన్స్ ఇచ్చి, తలుపు వేసి బయటికి వెళ్ళిపోయింది.

మాటలు లేవు, మాటలకు ముందున్నవి మాత్రమే ఉన్నాయి. కుర్చీ కిర్రుమంటుంది. కాగితం తిరుగుతుంది. ఊపిరి. గుసగుస. తర్వాత నువ్వు మాట్లాడిన చోట ఖాళీ. మళ్ళీ ఊపిరి. టి నుంచి జెడ్ దాకా మీ అక్క ఒక్కతే నడుచుకుంటూ వెళ్ళింది. 'త్రీ' దగ్గర నవ్వు వినపడలేదు. కుర్చీ మాత్రం ఊగింది. నీకు రాయాలనుకున్నది ఇదే.

జెడ్ అయిపోయాక టేపు చివర ఏమీ లేదనుకుని తీసెయ్యబోయాను. అక్కడ తెలుగు ఉంది. "అయిపోయిందే వంతా. పద పద, కింద మీ బావ వెయిట్ చేస్తుంటారు."

ఆ రోజు నేను గేటు దగ్గర గొడుగు పట్టుకుని నిలబడ్డాను. ఆలస్యమైందని ఇద్దర్నీ కేకలేశాను. ఒక్క మాటకి అన్ని అర్థాలు రాసిన మొనగాణ్ణి, మన ఇళ్ళల్లో అందరూ అనే ఈ వాడకం ఒక్కటీ నా పుస్తకంలో లేదు. కొత్త కూర్పులో చేర్చాను. ఉదాహరణ వాక్యం మీ అక్కదే.

శుభ్రం చేసినది జనానికి ఇమ్మన్నాను. వాళ్ళకి నీ గొంతు చాలు. మొదటి పేజీలో 'గొంతులు: అక్కాచెల్లెళ్ళు' అని వేయించాను. ఒకే గొంతు అన్నారు కదండీ అని పుస్తకం వేస్తున్న డైరెక్టరమ్మ అడిగింది. నా పేరు కొట్టెయ్యమన్నాను. అది ఎలాగూ లేదని ఆవిడకి ఇంకా తెలీదు.

కడిగిన నీళ్ళకి ఒక నకలు ఈ కవర్లో పెట్టాను. ఇంకొకటి నా బల్ల మీద ఉంది. కుర్చీ మీంచి గొడుగు తీసేశాను.

ఇక కార్డు సంగతి. రద్దు. ఈ ఉత్తరం అందాక ఫోన్ చెయ్యి. హలో అనకు, బావా అనకు, అన్నం తిన్నారా అనకు. నేను రిసీవర్ని స్పీకర్ దగ్గర పెడతాను. ముందు మీ అక్క అంటుంది, ఊపిరితో. తర్వాత ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో నువ్వు అను, అప్పట్లాగే. వెయిట్ ఫర్ మీ. మూడుసార్లూ. మొదటిసారి భయం వేస్తుంది, పరవాలేదు. కంగారు పడకు. నేను లైన్లోనే ఉంటాను.

బావ